అత్త బిగువు

పొద్దున్నే మా కోడలు దోసె పెనం కాలిందో లేదో చూడటానికి నీళ్లు చిలకరిస్తుంది. సుయ్‌మని చప్పుడొస్తుంది. దాని వెనకే, వేడి లోహం మీద నీళ్లు ఆవిరైన వాసన ముక్కుకు తగులుతుంది. ఇంట్లో మిగతావాళ్లకు అది దోసె రాబోతోందని చెప్పే చప్పుడు. నాకు మాత్రం కదిరిలో హిందూపురం రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డు కళ్లముందుకొస్తుంది. ఎర్రగా కాలిన రాగి రేకును పటకారుతో పట్టుకుని నీళ్ల తొట్టిలో ముంచుతున్న కుళ్ళాయప్ప మేస్త్రి కనిపిస్తాడు. ఆయన పక్కనే, పిలవని పేరంటానికొచ్చినట్టు, చౌడప్ప కూడా కనిపిస్తాడు. ఆ రెండోవాడు ఎందుకు కనపడాలని ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. జ్ఞాపకంలోనైనా మేస్త్రిని నా ఒక్కడికే వదిలిపెట్టడు కదా.

మా అనంతపురం వైపు కుళ్ళాయప్ప అనే పేరు హిందువులకూ ఉంటుంది, ముసల్మానులకూ ఉంటుంది. కుళ్ళాయి అంటే టోపీ. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది, కొత్తవాళ్లు ఆ పేరు వినగానే అందులో కుళ్ళు వెతుకుతారు. ఆయన పేరులో ఉన్నది టోపీ మాత్రమే. ఈ కథలో కుళ్ళంతా నాది.

పందొమ్మిదివందల యాభైల చివర్లో నేను ఆయన దగ్గర చేరేనాటికి నాకు మీసాలొచ్చి, పెళ్లి కూడా అయిపోయింది. అంతకుముందు మా నాయన వెంట మెట్టచేలో వేరుశనగ వేసి, ఆకాశం వంక చూసి చూసి మెడలు నొప్పి పుట్టి, ఇక నావల్ల కాదని వచ్చేసినవాణ్ని. మేస్త్రి నన్ను ఎగాదిగా చూసి, పేరడిగాడు. అంజినప్ప అన్నాను. "సేద్యం చేసిన చేతులే. బలం ఉండాదిలే. బలం తగ్గించుకునేది నేర్సుకోవల్ల," అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు తలకెక్కలేదు. చేతిలో బలం ఉన్నవాణ్ని తగ్గించుకోమంటాడేమిటి ఈ మనిషి అనుకున్నాను.

ఇంజను లోపలేముంటుందో తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. కింద సిలిండర్లలో మంట పుడుతుంది. పైన మూత పెట్టినట్టు ఒక బరువైన ఇనుప దిమ్మె కూర్చుంటుంది, దాన్ని హెడ్డు అంటాం. ఆ రెండింటి నడుమ పలచటి రాగి రేకు ఒకటి ఉంటుంది. అదే హెడ్ గాస్కెట్టు. మంటనూ నీళ్లనూ నూనెనూ ఒకదాని జోలికి ఒకటి పోకుండా ఆపేది అదొక్కటే. అది కాలిపోయిందంటే రేడియేటరు ఉడుకుతుంది, నూనెలో నీళ్లు కలిసి తెల్లబడుతుంది, బండి రోడ్డు మీద నిలబడిపోతుంది. పాతది తీసి కొత్తది వేయడం పెద్ద విద్య కాదు. హెడ్డును తిరిగి బిగించడంలోనే ఉంది అంతా. నట్లన్నీ ఒకే బిగువు మీద ఉండాలి. ఒకటి ఎక్కువై పక్కది తక్కువైతే ఆ సందులోంచి మంట దారి చేసుకుంటుంది.

మేస్త్రి మూడు చుట్లుగా బిగించేవాడు. మొదటి చుట్టు కోడలి బిగువు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల గడప దగ్గర నిలబడినట్టు, ఆనీ ఆనకుండా ఉండాలి. రెండోది ఆడబిడ్డ బిగువు. కొంచెం పెత్తనం తగలాలి. మూడోది అత్త బిగువు. దాంతో ఆఖరు. ఏ చుట్టయినా నడిమి నట్టుతో మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా కొసలకు పోవాలి. అత్త బిగువు అయ్యాక రొంటిన దోపుకున్న సున్నం డబ్బీ తీసేవాడు. తమలపాకుకు రాసుకునే సున్నమే. చూపుడువేలితో నడిమి నట్టు మీద, నట్టూ హెడ్డూ రెండూ కలిసేటట్టు, ఒక బొట్టు పెట్టేవాడు. నట్టు ఏ కొంచెం కదిలినా బొట్టు పగులుతుంది. పగలలేదంటే ఎవరూ వేలు పెట్టలేదన్నమాట. మా వైపు డ్రైవర్లు దూరం పోయేముందు బానెట్టు ఎత్తి ఆ బొట్టు చూసుకుని, నిశ్చింతగా బండెక్కేవాళ్లు.

ఆ బొట్టు పెట్టే హక్కు షెడ్డులో ఇంకెవరికీ లేదు. నాకు కావలసింది అదే. ఒకరోజు ఆయన ఆ డబ్బీ నా చేతికిచ్చి "నువ్వు పెట్టప్పా" అనాలి. అంతకుమించి నాకు ఈ లోకంలో ఏ కోరికా ఉండేది కాదంటే మా ఆవిడ ఈశ్వరమ్మ ఇప్పటికీ మూతి తిప్పుతుంది. కానీ నిజం అదే.

దానికోసం నేను పడని పాటు లేదు. ఆయన రాకముందే షెడ్డు ఊడ్చేవాణ్ని. ఏ పానా ఎప్పుడు అడుగుతాడో ముందే కనిపెట్టి చేతిలో పెట్టేవాణ్ని. కొన్నాళ్లకు కోడలి బిగువు నాకిచ్చాడు, తర్వాత ఆడబిడ్డ బిగువు కూడా. నేను పానా తిప్పుతూ ఒక కన్ను ఆయన కనుబొమ్మ మీద వేసి ఉంచేవాణ్ని. కనుబొమ్మ కదలకపోతే సరిగా పోతున్నట్టు. కొంచెం పైకి లేచిందంటే ఎక్కువైనట్టు, అప్పుడు ఆపేవాణ్ని. ఆ కనుబొమ్మను చదవడంలో కదిరి మొత్తానికి నన్ను మించినవాడు లేడని నాకు గర్వంగా ఉండేది.

ఒకసారి ఎవరో పిలిస్తే బయటికి పోతూ, "అత్త బిగువు నువ్వెయ్యి," అన్నాడు. ఎగిరి గంతేయలేదు గానీ, అంతపనీ చేశాను. ఎదురుగా ఆయన లేడు. చాలదేమోనని ఇంకొంచెం, ఇంకొంచెం అని లాగాను. టక్కుమని బోల్టు తెగి నట్టుతో సహా పానాలోనే ఉండిపోయింది. ఆయన వచ్చి చూసి, నా చేతివెనక పానాతోనే ఒకటి అంటించాడు.

"అత్త చెయ్యంటే ఏందనుకున్నావురా? కోడల్ని ఇంట్లో ఉంచుకునే చెయ్యి. పాడె ఎక్కించేది కాదు."

"చాల్లేదేమో అనుకుంటి మేస్త్రీ."

"అనుకునేది ఏమిటికి? పానా పట్టుకున్నోనికి తెలీదా?"

తెగిన బోల్టు బయటికి తీయడానికి నాకు ఆ పూటంతా పట్టింది. చెయ్యి వాచింది. అయినా నాకు కోపం రాలేదు. నన్ను కాకపోతే ఇంకెవరిని కొడతాడు అని లోపల కొంచెం సంతోషంగా కూడా ఉండింది. అప్పటికి చౌడప్ప ఇంకా రాలేదు మరి.

అరవైలు మొదలయ్యాక మేస్త్రి కుడిచెయ్యి వణకడం పట్టుకుంది. మొదట టీ గ్లాసులో కనిపించింది, తర్వాత పానాలో. ఆయన ఎవరికీ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇవాళో రేపో డబ్బీ చేతులు మారక తప్పదని మాత్రం నాకు తెలిసిపోయింది. షెడ్డులో నేను తప్ప ఇంకెవరున్నారు? అలాంటి సమయంలో వచ్చాడు చౌడప్ప. ధర్మవరం పట్టుమగ్గం మనిషి. చేయించే షావుకారు పట్టు ఇవ్వడం మానేస్తే మగ్గం మూలపడింది. నాకంటే వయసులో పెద్దవాడు, సన్నగా, మెడ ముందుకు వంచి, ఎప్పుడూ ఏదో వెతుకుతున్నట్టు నడిచేవాడు. ఇనుము ముట్టి ఎరగడు. కిరసనాయిలు బేసిన్లో సామాన్లు కడిగే పనికి పెట్టుకున్నాడు మేస్త్రి. పాపం అనుకున్నాను. నేనే ఆయనకు సబ్బు ముక్క ఇచ్చి, చేతుల జిడ్డు ఎలా వదిలించుకోవాలో చూపించాను.

ఒకరోజు నేను ఒక హెడ్డును గీకి శుభ్రం చేసి, బల్ల మీద పెట్టి, అంతా చదునుగా ఉందని చెప్పాను. చౌడప్ప దాన్ని కడగడానికి తీసుకుంటూ వేళ్లు అలా పారించి ఆగిపోయాడు.

"మేస్త్రీ, ఈడ ఏందో తగులుతాంది," అన్నాడు.

నేను నవ్వాను. "ఏమీ లేదు చౌడన్నా, నేను చూసినా."

"సూస్తే కనపడదేమో తమ్ముడూ. పట్టుపోగులో ముడి తగిలినట్ల తగులుతాంది."

మేస్త్రి ఇనుప బద్ద తెచ్చి, హెడ్డు మీద నిలువుగా పెట్టి వెలుతురుకు ఎత్తి చూశాడు. చౌడప్ప వేలు పెట్టిన చోట బద్ద కింద సన్నటి వెలుగుగీత కనిపించింది. ఆయన నావంక చూడలేదు. చౌడప్ప చేతిని తన చేతిలోకి తీసుకుని, వేళ్ల కొసలు తిప్పి తిప్పి చూశాడు. నా చేతిని ఆయన ఎప్పుడూ అలా పట్టుకోలేదు. పట్టుకున్నది పానాతో కొట్టడానికే.

ఆ రోజు నుంచి నాకు నిద్రపట్టడం మానేసింది. మధ్యాహ్నం సంగటి తినేటప్పుడు మేస్త్రి చౌడప్ప పక్కన కూర్చునేవాడు. ఊరిబిండి పచ్చడి డబ్బా ముందు అటే జరిగేది, అడుగున మిగిలింది నాకు వచ్చేది. మగ్గం సంగతులు అడిగేవాడు. నిలువుపోగుల పడుగు ఎంత బిగువుంటే పోగు తెగుతుంది, ఎంత తగ్గితే చీర నలుగుతుంది అని. చౌడప్ప చెబుతుంటే, కథ వింటున్నట్టు నోరు తెరుచుకుని వినేవాడు. నేను వరసగా ఇన్నేళ్లు ఉన్నాను, మా చేను ఎన్ని ఎకరాలో కూడా అడగలేదు ఆయన. చౌడప్పను 'చౌడప్పా' అని నిండుగా పిలిచేవాడు. నేనేమో 'ఒరే'. ఇంటికొచ్చి ఈశ్వరమ్మతో చెప్పుకున్నాను.

"ఇంటోన్ని గదా ఒరే అంటారు. బయటోన్ని అంటారా?" అంది ఆమె.

"ఇంటోనికి అడుగున మిగిలింది పెడతారా?" అన్నాను.

"ఊరిబిండి కోసరం ఏడుస్తాండావా? నేను నూరి కడతాలే," అంది నవ్వుతూ. మర్నాడు నిజంగానే నూరి కట్టింది. అదీ మేస్త్రి చౌడప్పకే పెట్టాడు.

ఆ తర్వాతి ఏడు వాన బొత్తిగా మొహం చాటేసింది. తనకల్లు అనే ఊళ్లో తిప్పన్నకు ఒక పాత పికప్పు బండి ఉండేది. యుద్ధంలో మిలిటరీవాళ్లు వాడి వదిలేస్తే, వేలంలో చేతులు మారి మారి ఆయన దగ్గరికి వచ్చింది. మామూలు రోజుల్లో సంతకు మేకల్నీ మనుషుల్నీ కలిపి తోలేవాడు. ఆ ఏడు మాత్రం డ్రమ్ముల్లో తాగేనీళ్లు నింపుకుని, బావులు ఎండిపోయిన ఊళ్లకు తిప్పుతున్నాడు. ఒకరోజు పొద్దున ఆ బండిని రెండు బక్కెద్దులు లాక్కుంటూ మా షెడ్డు ముందుకు తెచ్చాయి. తిప్పన్న స్టీరింగు ముందు కూర్చుని, దర్జాగా దిగాడు.

"మేస్త్రీ, ఇంజను మజ్జిగ చిలుకుతాండాది. ఉప్పేసుకుంటే తాగొచ్చు," అన్నాడు నూనె పుల్ల తీసి చూపిస్తూ. పుల్ల కొసన నూనె తెల్లగా నురగతో ఉంది.

"రేడియేటర్లో నీళ్లు చూసుకోకుండా తోలితివా?"

"చూసుకుంటి. లేవు."

"బండి నిండా నీళ్లు పెట్టుకోని ఒక చెంబు పొయ్యలేకపోతివా?"

తిప్పన్న తల గోక్కున్నాడు. "అవి తాగే నీళ్లు మేస్త్రీ. ఆడ ఆడోళ్లు బిందెలు వరసగా పెట్టుకోని కూసోనుంటారు. వాళ్లకని పట్టుకున్నవి ఇనుముకు పొయ్యాల్నంటే మనసు రాలేదు. ఇంత దూరమే గదా అనుకుంటి."

మేస్త్రి నూనె పుల్ల అందుకుని తిరిగి ఇంజనులో పెట్టాడు. నీళ్ల మీద కూర్చుని దాహంతో ఇంజను మాడ్చిన మనిషిని ఇంకో సీమలో ఎక్కడైనా చూస్తామేమో నాకు తెలియదు. మా దగ్గర ఆ పని తప్పని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

ఇంజను చల్లారనిచ్చి నట్లన్నీ విప్పాం. హెడ్డు పట్టుకుని ఊడిరాలేదు. మేస్త్రి చెప్పినట్టు నేను ముందునుంచి హ్యాండిలు వేసి తిప్పితే, లోపలి గాలే దాన్ని పైకి నెట్టింది. గాస్కెట్టు రెండు సిలిండర్ల మధ్య నల్లగా కాలి తెగిపోయింది. కొత్తది బెంగుళూరు నుంచి రావాలి. అన్నాళ్లు ఊళ్లు నీళ్లకు ఆగవు. షెడ్డు గోడకు మేకులు కొట్టి పాత గాస్కెట్లు తగిలించి ఉంచేవాడు మేస్త్రి. వాటిలో సరిపోయేది ఏరి, కొలిమిలో ఎర్రగా కాల్చి, పటకారుతో తీసి నీళ్ల తొట్టిలో ముంచాడు. అలా చేస్తే గట్టిపడిన రాగి మళ్లీ మెత్తబడి, ఎక్కడ నొక్కితే అక్కడ ఒదుగుతుంది. ఆ చప్పుడే నన్ను ఈ వయసులో దోసెల వేళ పీడిస్తున్నది.

రెండు ముఖాలూ గీకి తుడిచి, గాస్కెట్టు పరిచి, హెడ్డు దించాం. నట్లు చేత్తో ఎక్కించాం. నేను పానా తీసుకుని, గుడ్డతో తుడిచి, సిద్ధంగా నిలబడ్డాను. మేస్త్రి తన కుడిచేతిని చూసుకున్నాడు. అది వణుకుతోంది. ఇదే ఆ రోజు అనుకున్నాను.

"అంజీ, ఆ పానా చౌడప్పకియ్యి," అన్నాడు.

ఇచ్చాను. ఇచ్చి, అక్కడ నిలబడలేక, టీ తాగొస్తానని రోడ్డవతల హోటలుకు పోయాను. టీ తాగలేదు. గ్లాసు ముందు పెట్టుకుని, నిన్నటిదాకా నేను సబ్బు ముక్క ఇచ్చిన మనిషి నా పానా పట్టుకున్నాడే అని కుమిలిపోయాను. మేస్త్రి ఆ సమయంలో కార్బురేటరు ముందేసుకుని బల్ల దగ్గర ఉన్నాడట. నేను తిరిగివచ్చేసరికి మూడు చుట్లూ అయిపోయి, తొట్టిలో నీళ్లు పోసి, ఇంజను స్టార్టు చేశారు. రేడియేటరు మూత తీసి ఉంది. అందులో బుడగలు పైకొస్తున్నాయి, అన్నం ఉడికినట్టు. హెడ్డు ఒక కొసన చెమ్మ ఊరుతోంది.

నాకు కలిగిన సంతోషం ఎవరికీ చెప్పుకోదగింది కాదు. ఊళ్లలో బిందెలు ఎదురుచూస్తున్నాయని తెలుసు. అయినా ఆ బుడగలు చూస్తుంటే కళ్లు చల్లబడ్డాయి.

మేస్త్రి ఇంజను ఆపించి అడిగాడు. "చౌడప్పా, యాడ మొదలు పెట్టినావు?"

"ఈ అంచు నుండి మేస్త్రీ. వరసగా ఆ అంచుకు పోయినా."

మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించేటప్పుడు పాత పోగుకు కొత్త పోగును ఒక్కొక్కటే అతుక్కుంటూ ఒక అంచు నుంచి రెండో అంచుకు పోతారు. నడుమ మొదలుపెడితే నవ్వుతారు. ఆయన జన్మంతా చేసిన పని అది. హెడ్డును కూడా అలాగే అతికాడు. దానితో రేకు ఒక వైపు నుంచి తోసుకుంటూ పోయి రెండో కొసన పైకి లేచింది. ఇక ఇప్పుడు పానా దెబ్బ పడుతుందని నేను చూస్తున్నాను.

మేస్త్రి నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "చీర నేసినాడప్పా ఇంజను మీద," అని తిప్పన్నకు చెప్పాడు. తర్వాత చౌడప్ప వైపు తిరిగి, "తప్పు నాది. నడుమ నుండి పోవల్లని నీకు నేను చెప్పనేలేదు. రా, మల్ల విప్పుదాం," అన్నాడు. తప్పు నాది అనే మాట ఆ నోటివెంట అంతవరకు నేను వినలేదు. నా వాచిన చెయ్యి గుర్తొచ్చింది.

మళ్లీ విప్పాం, మళ్లీ రాగిని కాల్చి ముంచాం. ఈసారి మేస్త్రి ఒక్కొక్క నట్టూ వేలితో చూపించాడు. చౌడప్ప బిగించేటప్పుడు కళ్లు మూసుకునేవాడు. అది ఆ రోజే గమనించాను. పానా కొంచెం తిప్పి ఆగేవాడు, తల ఒక పక్కకు వాల్చేవాడు, మళ్లీ వెంట్రుకవాసి తిప్పేవాడు. అలాగే అత్త బిగువుదాకా పోయాడు. అయిపోయాక మేస్త్రి తిప్పన్నతో, "డ్రమ్ములో నీళ్లే పొయ్యి. ఇదీ తాగాల్సిందే," అన్నాడు. తిప్పన్న మనసు చంపుకుని పోశాడు. ఇంజను ఒకటే సవ్వడితో తిరిగింది. రేడియేటరులో ఒక్క బుడగ లేదు.

మేస్త్రి డబ్బీ తీశాడు. వేలు వణికి, సున్నం మడ్‌గార్డు మీద పడింది. ఇంకోసారి ముంచబోయి, ఆగి, డబ్బీని చౌడప్ప వైపు చాచాడు.

"నువ్వు పెట్టప్పా," అన్నాడు.

నేను ఇన్నేళ్లుగా నాకోసం అట్టిపెట్టుకున్న మాట. ఒక్క అక్షరం కూడా మారలేదు.

సాయంత్రం చౌడప్ప తన ఇంటికి వెళ్లిపోయాక మేస్త్రినే అడిగేశాను. ఆయన ఆకు మడుచుకుంటున్నాడు.

"మేస్త్రీ, నేనేం తక్కువ చేసినా?"

"తక్కువేం చెయ్యలేదు."

"మరి నాకెందుకు ఇయ్యలేదు?"

ఆయన ఆకు నోట్లో పెట్టుకున్నాడు. "నువ్వు బిగించేటప్పుడు నట్టు తట్టు చూడవురా. నా తట్టు చూస్తావు. వాడు పానా పట్టుకుంటే నేనుండేదే మర్సిపోతాడు."

"నిన్ను చూడకపోతే బాగుండాదో లేదో ఎట్ల తెలుస్తాది?"

"అదేరా నేను చెప్తాండేది," అన్నాడు మెల్లగా. "నేను లేనినాడు ఎవురి ముఖం చూస్తావు?"

ఆ మాట నిజమని నేను అప్పుడు ఒప్పుకోలేదు. గురువు ముఖం చూడటం కూడా తప్పేనా, ఇదెక్కడి న్యాయం అని రగిలిపోయాను. నెల తిరగకముందే షెడ్డు వదిలేశాను. పోతానని చెప్పినప్పుడు ఆయన వద్దనలేదు. ఒక పానా సెట్టు గుడ్డలో చుట్టి ఇచ్చి, "జాగ్రత్తరా," అన్నాడు. చౌడప్ప బస్సుదాకా నా సంచి మోశాడు. ఆయన మంచితనం కూడా నాకు సహించలేదు.

ఈశ్వరమ్మ పుట్టినూరు కంబదూరు. అక్కడ రోడ్డు పక్కన నాలుగు రేకులు వేసుకుని సొంతంగా మొదలుపెట్టాను. పని బాగానే వచ్చింది. నేను హెడ్డు బిగిస్తే సున్నం బొట్టు మాత్రం పెట్టేవాణ్ని కాదు. ఆ డబ్బీ నా చేతికివ్వనివాడి గుర్తు నాకెందుకని పంతం. పానా పట్టిన ప్రతిసారీ ఎదురుగా ఆ కనుబొమ్మ ఉన్నట్టే ఉండేది. లేని ముఖాన్ని చూస్తూ బిగించేవాణ్ని. కొన్ని హెడ్లు నిలిచేవి, కొన్ని మళ్లీ వచ్చేవి. కదిరి నుంచి వచ్చిన డ్రైవర్లు చౌడప్ప మేస్త్రి అని కొత్త పేరు చెబుతుంటే, వాళ్ల బండ్లు చూడటానికి నాకు చేతులు వచ్చేవి కావు. అయినా చూసేవాణ్ని. పొట్ట ఉంది కదా.

అరవైలు అయిపోవస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, తిప్పన్న పికప్పు పొగలు కక్కుతూ వచ్చి మా షెడ్డు ముందు ఆగింది. ఎండుగడ్డి కోసం కళ్యాణదుర్గం వైపు పోతున్నాడు. పక్క సీట్లోంచి కుళ్ళాయప్ప మేస్త్రి దిగాడు. కళ్యాణదుర్గంలో కూతురింటికని బండెక్కాడట. మనిషి సగమయ్యాడు. రెండు చేతులూ వణుకుతున్నాయి. వాటిని చంకల్లో పెట్టుకుని దాచుకుంటున్నాడు.

"బాగుండావారా?" అన్నాడు.

"బాగుండా మేస్త్రీ," అన్నాను. ఇన్నేళ్లు మనసులో ఆయనతో ఎంత పోట్లాడానో, ఎదురుగా నిలబడితే నోట్లోంచి అంతకంటే ఒక్క ముక్క రాలేదు. బోల్తా వేసిన డబ్బా మీద గుడ్డ పరిచి కూర్చోబెట్టాను.

రేడియేటరు గొట్టం చిల్లుపడి, నీళ్లు దారిలో కారిపోయాయి. అదే జబ్బు మళ్లీ. నా దగ్గర సరిపోయే గాస్కెట్టు ఉంది. బానెట్టు ఎత్తితే నడిమి నట్టు మీద సున్నం బొట్టు పసుపుపచ్చగా మారి కనిపించింది. పగలలేదు. చౌడప్ప పెట్టిన బొట్టు, చౌడప్ప బిగించిన హెడ్డు. అందులో తప్పు దొరకాలని ఎంత ఆశపడ్డానో దేవుడికే తెలుసు. నట్లు విప్పుతుంటే ప్రతి నట్టూ ఒకే పట్టుకు లొంగింది. పాత రేకు తీసి చూస్తే సిలిండర్ల గుర్తులు చుట్టూరా ఒకే లోతున పడి ఉన్నాయి. నీళ్లు ఎండి ఇంజను మాడకపోతే అది ఇంకా ఎన్నేళ్లో ఉండేది. మేస్త్రి నావైపే చూస్తున్నాడని వీపుకు తెలుస్తోంది. ఇప్పుడు ఆయన ముందు నేను చౌడప్ప పని మీద పని చేయాలి.

కోడలి బిగువు వేసేటప్పుడు రెండుమూడు సార్లు కన్ను ఆయన వైపు పోయింది. కనుబొమ్మలు నెరిసిపోయి, కదిలాయో లేదో తెలియలేదు. ఆడబిడ్డ బిగువులో ఉండగా వెనకవరుస నట్టు ఒకటి చేతికి వేరేగా తగిలింది. మిగతావాటికంటే మెత్తగా, తిప్పితే తిరుగుతూనే ఉంటానన్నట్టు. నట్టులో మర అరిగిందా, ఇంకా ఆనలేదా? విప్పి, తుడిచి, చుక్క నూనె వేసి మళ్లీ ఎక్కించాను. ఈసారి ఆనింది. కానీ దాని పక్కది ఇప్పుడు ఒక వెంట్రుకవాసి వదులుగా అనిపించింది. దాన్ని చూశాను. దానికి ఎదురుగా ఉన్నదాన్ని చూశాను. అత్త బిగువులోకి ఎప్పుడు వచ్చానో నాకు తెలియదు. చేతిలో ఉన్నది పానా కాదు, ఇంజనే నా వేళ్లు పట్టుకున్నట్టుండింది. ఇంకొంచెం అంది, తిప్పాను. చాలు అంది, ఆపాను.

అయిపోయింది. నడుము నిటారుగా చేసుకుని, చెమట తుడుచుకుని వెనక్కి తిరిగాను. డబ్బా మీద గుడ్డ ఒక్కటే ఉంది.

"మేస్త్రి యాడ?" అన్నాను.

"ఎప్పుడో పాయె. కళ్యాణదుర్గం బస్సు వస్తే ఎక్కినాడు," అన్నాడు తిప్పన్న బీడీ ముట్టించుకుంటూ.

"నాతో చెప్పకుండానా?"

"నేను పిలుద్దామంటే వద్దని నోటి మీద వేలు పెట్టినాడప్పా. నీ ఎనకాల వచ్చి నిలబడినాడు, శానాసేపు. బస్సు హారను కొడ్తాన్నా కదల్లేదు."

నేను తిప్పన్న దగ్గరికి వచ్చాను. "ముఖం ఎట్లుండె?"

"ఎవురి ముఖం?"

"మేస్త్రి ముఖం, తిప్పన్నా. నా ఎనకాల నిలబడినప్పుడు."

తిప్పన్న ఆలోచించాడు. నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు, ఆయన తప్పేం లేదు. "ముఖమేముందప్పా, మేస్త్రి ముఖం మాదిరే ఉండె," అన్నాడు.

ఆ ఎండాకాలంలోనే మేస్త్రి కూతురింట్లో పోయాడని కబురొచ్చింది. ఆ రోజు తర్వాత నేను బిగించిన హెడ్డు ఏదీ మళ్లీ నా షెడ్డుకు తిరిగిరాలేదు. పానా పడితే నాకిప్పుడు ఎవరి ముఖమూ కనపడదు. చౌడప్ప మీది కుళ్ళు చాలావరకు చల్లారింది. మిగిలింది అప్పుడప్పుడు పొద్దునపూట పొగరాజేస్తుంటుంది గానీ, దాంతో కాపురం చేయగలను. తిప్పన్న మీది కుళ్ళు సంగతే వేరు. ఇంజను గురించి ఓనమాలు తెలియని మనిషి, తాగేనీళ్లు పక్కన పెట్టుకుని బండి మాడ్చుకున్న మనిషి, బీడీ కోసం అగ్గిపెట్టె వెతుక్కుంటూ ఆ ముఖాన్ని చూశాడు. చూసి, మర్చిపోయాడు. ఎక్కడైనా ఎదురుపడితే ఇప్పటికీ నేను ముందు ఆయన కళ్లలోకే చూస్తాను.